కుర్చీ దిగినవారి కాలినడక

ప్రతి నెలా ఆఖరి పనిదినాన సాయంత్రం నాలుగయ్యేసరికి దేశ రాజధానిలోని ప్రభుత్వ కార్యాలయాలలో ఒకే రకమైన తంతు జరుగుతుంది. ఒక గదిలో కుర్చీలు గోడల వెంట సర్దుతారు. సమోసాలు, బర్ఫీ, తేనీరు వస్తాయి. బంతిపూల దండ, శాలువా, ఒక గోడ గడియారం సిద్ధంగా ఉంటాయి. పై అధికారి నాలుగు మంచి మాటలు చెబుతాడు. దండ వేయించుకున్న వ్యక్తి బదులు చెప్పబోయి, గొంతు పూడుకుపోగా, కూర్చుంటాడు. ఫండమెంటల్ రూల్స్‌లోని 56వ నిబంధన ప్రకారం అరవై ఏళ్ళు నిండిన నెల ఆఖరి దినం అపరాహ్ణంతో అతడికీ ప్రభుత్వానికీ ఋణం తీరిపోతుంది. ఒకటవ తేదీన పుట్టినవాడికి ఆ నెల కూడా దక్కదు. అంతకు ముందు నెలాఖరుకే ఇంటిదారి పట్టాలి. అసలు పుట్టినరోజు తెలియని పిల్లలకు జూలై 1 అని రాసేయడం మన పల్లెటూరి బడిపంతుళ్ళకు ఒకప్పుడు పరిపాటి. అందువల్లనే జూన్ 30న ఈ దండలకు గిరాకీ ఎక్కువ.

పార్లమెంటు భవనంలో విరమణ తీరు వేరు. రాజ్యసభ సభ్యులలో సుమారు మూడవ వంతు ప్రతి రెండేళ్ళకూ విరమించాలని రాజ్యాంగం 83వ అధికరణం నిర్దేశించింది. ఆ సందర్భాన సభలో వీడ్కోలు ప్రసంగాలు జరుగుతాయి. ప్రత్యర్థులు సైతం పరస్పరం శ్లాఘించుకుంటారు. వారిలో కొందరు నెల తిరక్కుండానే అదే ద్వారం గుండా మళ్ళీ లోపలికి వస్తారు. ఆచార్య రంగాగారు 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టి, 1991 దాకా, తొంభయ్యవ పడి అంచు వరకు ప్రజాప్రతినిధిగానే కొనసాగారు. పి.వి. నరసింహారావుగారు 1991 ఎన్నికలలో పోటీ చేయక, పుస్తకాలు సర్దుకుని ఢిల్లీ విడిచే సన్నాహంలో ఉండగా ప్రధాని పదవి ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. రాజకీయాలలో ఉన్నవారికి విరమణ తప్పించుకోదగిన జ్వరం. ఉద్యోగికి మాత్రం అది పంచాంగంలో రాసిపెట్టి ఉన్న గ్రహణం.

ఆ గ్రహణం విడిచిన మరునాటి ఉదయం ఏమవుతుందన్నది ఈ వారం నా ప్రస్తావన.

వంటింటి మీద నోటింగు

ఢిల్లీ ఉద్యోగికి ఈ మార్పు మరీ కష్టం. అతడి ఇల్లు ప్రభుత్వానిది. పేటలో పరిచయాలన్నీ హోదాను బట్టి ఏర్పడినవి. సొంత ఊరు వెళ్ళిపోదామంటే ముప్ఫై అయిదేళ్ళ ఎడబాటు. ఇక్కడే ఉండిపోదామంటే పలకరించేవారు తగ్గిపోతారు. 1954లో ఢిల్లీలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం డిస్పెన్సరీ ఒక్కటే చాలామందిని ఈ నగరానికి కట్టిపడేస్తున్నది. పింఛను దయాధర్మం కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అనీ నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పిన మాట నిజమే. కానీ పింఛను పొద్దు గడపదు.

నాకొక మిత్రుడున్నారు. కోనసీమ వారు. 1974లో అసిస్టెంటుగా వచ్చి చేరి, 2012లో డిప్యూటీ సెక్రటరీగా విరమించారు. విరమించాక మూడు నెలలపాటు ఆయన ఉదయం తొమ్మిదికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చునేవారు. టెలిఫోను మోగేది కాదు. ఇక చేసేది లేక ఇంటి పాలనకు పూనుకున్నారు. పప్పుల డబ్బాలపై చీటీలు అంటించారు. పాలవాడి లెక్కకు ఒక రిజిస్టరు తెరిచారు. ఒకనాడు ఆయన భార్య మా ఇంటికి వచ్చి, “ఏం చెప్పమంటారు వదినా, మీ అన్నయ్యగారు ఇప్పుడు వంటింటి మీద నోటింగు రాస్తున్నారు” అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, కళ్ళలో నవ్వు లేదు. మనిషి చిక్కిపోయారనీ, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదనీ, నలుగురున్నచోటికి రావడం మానేశారనీ తర్వాత చెప్పారు.

వైద్యుడు చక్కెరవ్యాధి ఆరంభదశ అని చెప్పి నడవమన్నాడు. మొదట లోదీ తోటలో రెండు ప్రదక్షిణలు. 1936లో లేడీ విల్లింగ్డన్ పార్కు పేరిట తెరిచిన ఆ తోట విశ్రాంత అధికారులకు రెండవ సచివాలయం వంటిది. అక్కడ నడిచేవారిలో సగం మంది నడకకన్నా పాత ఫైళ్ళను నెమరువేయడానికే వస్తారు. మా మిత్రునికి అది త్వరలోనే విసుగెత్తింది. అక్కడి నుంచి ఆరావళి పర్వతాల చివరి కొనయైన రిడ్జి అడవికి మారారు. తుమ్మచెట్లు, రాతిగుట్టలు, నెమళ్ళ అరుపులు. అక్కడ ఆయన హోదా ఎరిగినవారెవరూ లేరు. “నలభై ఏళ్ళ తర్వాత మొదటిసారి ఎవరూ నన్ను సార్ అనలేదండీ, హాయిగా ఉంది” అని ఆయన నాతో అన్నప్పుడు ఆ మనిషి కోలుకుంటున్నాడని గ్రహించాను.

యాభై అయిదూ, అరవై

విరమణ వయస్సు ఏ వేదంలోనూ రాసినది కాదు. కేంద్ర ఉద్యోగులకు 1962 చివరి దాకా అది 55 ఏళ్ళు. ఆ తర్వాత 58. 1998 నుంచి 60. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1983 ఫిబ్రవరిలో దానిని ఉన్నట్టుండి 58 నుంచి 55కు తగ్గించగా వేలాది ఉద్యోగులు ఒక్కరోజున ఇంటికి వెళ్ళారు. 1984లో తిరిగి 58 అయింది. నేడు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. అంటే ఒకే మనిషి, ఒకే శరీరం, ఏ సంవత్సరంలో ఏ సర్కారు కింద ఉన్నాడన్న దానిని బట్టి పనికివచ్చేవాడో పనికిరానివాడో అవుతాడు.

ఈ అంకెలను చేతబట్టుకుని మన దేశపు గొప్ప నడకలను ఒకసారి పరిశీలిస్తే వింత విషయం బయటపడుతుంది. వినోబాభావే 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారి నుంచి నూరెకరాల భూదానం స్వీకరించి దేశాటన మొదలుపెట్టినప్పుడు ఆయన వయస్సు 55. నాటి నిబంధన ప్రకారం సరిగ్గా ఇంటికి పంపవలసిన వయస్సు. అంతకు ముందు వార్ధా ప్రాంతం నుంచి హైదరాబాదు పక్కనున్న శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి ఆయన కాలినడకనే వచ్చారు. ప్రణాళికా సంఘంతో చర్చలకు నెహ్రూ ఆహ్వానిస్తే పౌనార్ నుంచి ఢిల్లీకి రెండు నెలలు నడిచి, 1951 నవంబరులో రాజ్‌ఘాట్ చేరారు. మళ్ళీ పౌనార్ ఆశ్రమానికి తిరిగి చేరేసరికి 1964 వచ్చింది.

చంద్రశేఖర్ 1983 జనవరి 6న కన్యాకుమారిలో బయలుదేరి జూన్ 25న రాజ్‌ఘాట్ చేరారు. నడిచినది నాలుగు వేల కిలోమీటర్లకు పైనే. అప్పుడు ఆయనకూ 55 ఏళ్ళే. ఆయన ఆ నడకలో ఉండగానే హైదరాబాదులో 55 ఏళ్ళవారు వృద్ధులని తేల్చి ఉత్తర్వులు జారీ అయ్యాయి.

ఇక మహాత్ముడు. ఆయన 1869 అక్టోబరు 2న జన్మించారు. నేటి నిబంధన ఆయనకు వర్తించి ఉంటే 1929 అక్టోబరు 31 సాయంత్రం దండ, శాలువా, గోడ గడియారం. నాలుగున్నర నెలల తర్వాత, 1930 మార్చి 12న, 78 మంది అనుచరులతో సబర్మతి నుంచి దండికి బయలుదేరారు. 24 రోజులు, సుమారు 240 మైళ్ళు. జట్టులో అందరికన్నా పెద్దవాడు ఆయనే. అందరికన్నా ముందు నడిచినదీ ఆయనే. ఢిల్లీలో సర్దార్ పటేల్ మార్గ్ మొదట్లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి చెక్కిన పదకొండు విగ్రహాల సముదాయం ఉన్నది. మదరాసు చిత్రకళాశాలకు దీర్ఘకాలం అధిపతిగా ఉన్న ఆ శిల్పి మన తెలుగువారికి పరాయివాడు కాడు. కార్లు జోరుగా సాగిపోయే ఆ కూడలిలో కర్ర పట్టి ముందుకు వంగి అడుగువేస్తున్న ఆ అరవై ఏళ్ళ మనిషి విరమణ గురించి చెప్పవలసినదంతా చెబుతూనే ఉన్నాడు.

సైకిలు అడ్వాన్సు

రాజధానిలో సైకిలుది మరొక కథ. మా మిత్రుడు ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే సైకిలు అడ్వాన్సు తీసుకుని, రామకృష్ణాపురం నుంచి నార్త్ బ్లాకుకు తొక్కుకుంటూ వెళ్ళేవారట. గుమాస్తాలు, అసిస్టెంట్లు గుంపులుగా సైకిళ్ళపై సచివాలయం చేరడం ఆనాటి ఢిల్లీ ఉదయపు దృశ్యాలలో ఒకటి. తర్వాత స్కూటర్లు, చార్టర్డ్ బస్సులు, కార్లు వచ్చాయి. ఏడవ వేతన సంఘం సిఫార్సులతో వడ్డీలేని అడ్వాన్సులు చాలావరకు రద్దయినప్పుడు సైకిలు అడ్వాన్సు కూడా కాలం చేసింది. ఎవరూ కంటతడి పెట్టలేదు.

అయితే సైకిలు మాత్రం మరో రూపంలో తిరిగి వచ్చింది. ద్వారకలో ఉండే నెల్లూరు ప్రాంతపు విశ్రాంత బ్యాంకు అధికారి ఒకరు అరవై నాలుగవ ఏట ‘బ్రెవే’ అనే దూరయాత్రలలో పాల్గొనడం మొదలుపెట్టారు. ఫ్రాన్సులో పుట్టిన పద్ధతి అది. పందెం కాదు. మొదట ఎవరు వచ్చారన్న లెక్క ఉండదు. రెండు వందల కిలోమీటర్లు పదమూడున్నర గంటలలో, మూడు వందలు ఇరవై గంటలలో, నాలుగు వందలు ఇరవై ఏడు గంటలలో, ఆరు వందలు నలభై గంటలలో పూర్తిచేయాలి. దారిలో ఎవరి సాయమూ ఆశించరాదు. చక్రం గాలి పోతే ఎవరిది వారే బాగుచేసుకోవాలి. “బ్యాంకులో ముప్ఫై ఏళ్ళూ ఎవరు ముందు ఎవరు వెనుక అన్న గొడవే గదా! ఇక్కడ గడువు ఒక్కటే చాలు” అంటారాయన. రెండు వందల కిలోమీటర్లు ముగించి, గడువుకు ముప్పావు గంట ముందు, తెల్లటి చొక్కాపై ఉప్పు మరకలతో దిగిన రోజున ఆయనను చూశాను. ప్రమోషన్ ఉత్తర్వు అందుకున్ననాడు కూడా ఆయన ముఖం అంతగా వెలిగి ఉండదు.

కానీ అదే రహదారిపై తెల్లవారుజామున మరో సైకిలు కనిపిస్తుంది. వెనుక కూరగాయల బస్తాలో, పాల క్యాన్లో కట్టుకుని, డెబ్భై ఏళ్ళు పైబడిన మనిషి దానిని తొక్కుతుంటాడు. అతడిది సాహసయాత్ర కాదు. అతడికి విరమణ తేదీ లేదు, దండ లేదు, పింఛనూ లేదు. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద 60 నుంచి 79 ఏళ్ళ పేదలకు కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలు. 80 దాటితే 500. మిగిలినది ఆయా రాష్ట్రాల దయ. విరమణానంతరం కాలక్షేపం ఎట్లా అని చింతించగలగడమే ఈ దేశంలో ఒక భాగ్యమని మన విశ్రాంత ఉద్యోగులు మరువరాదు.

గుడారాలలో రాత్రులు

మా మిత్రుడు అరవై మూడవ ఏట హిమాచల్‌లో మొదటిసారి గుడారంలో పడుకున్నారు. చాణక్యపురిలో కేంద్ర కార్యాలయమున్న యూత్ హాస్టల్స్ సంఘం పేరుకు యువతది గాని, పార్వతీ లోయలోని దాని శిబిరాలలో నెరిసిన తలలు తక్కువేమీ కాదు. వీపున మూట, చేతిలో కర్ర. భోజనానికి పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడాలి. తిన్నాక ఎవరి పళ్ళెం వారే తోముకోవాలి. రాత్రి అందరూ చుట్టూ చేరి పాడుకునే కార్యక్రమంలో, చెట్లు నరకడం ఇష్టంలేక, మంటకు బదులు దీపం పెడతారు. పక్క గుడారంలోని ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఈయనను ‘అంకుల్’ అని పిలిచి, మంచుపై కాలు ఎట్లా వేయాలో నేర్పాడట. నలభై ఏళ్ళుగా కిందివారికి నేర్పుతూ వచ్చిన మనిషి కొత్తగా నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆయన విరమణ నిజంగా ముగిసినది ఆ రోజున అని నా అభిప్రాయం.

తర్వాత ఆయన దృష్టి కైలాస మానససరోవరంపై పడింది. విదేశాంగ శాఖ 1981 నుంచి నిర్వహిస్తున్న ఈ యాత్రకు ఢిల్లీయే బయలుదేరే చోటు. తెలుగు యాత్రికులూ ముందుగా ఇక్కడికే రావాలి. వయోపరిమితి 18 నుంచి 70. ఢిల్లీలో వైద్యపరీక్షలు, ఎత్తుకు చేరాక గుంజిలో మరో పరీక్ష. ఎక్కడ రక్తపోటు హద్దు దాటినా వెనుదిరగాలి. లిపులేఖ్ కనుమ దాటి, కైలాసం చుట్టూ యాభై పైచిలుకు కిలోమీటర్ల ప్రదక్షిణలో పద్ధెనిమిది వేల అడుగుల ఎత్తున్న డోల్మా కనుమ ఎక్కాలి. మా మిత్రుడు 2019లో, అరవై ఏడవ ఏట, ఏడాదిపాటు సాధన చేసి పరీక్షకు వెళ్ళారు. రక్తపోటు కారణంగా నిరాకరించారు. మరుసటేడు చూద్దామనుకున్నారు. 2020లో మహమ్మారి వచ్చి యాత్ర ఆగిపోయింది. తిరిగి 2025 జూన్‌లో మొదలయ్యేసరికి ఆయన డెబ్భై దాటిపోయారు.

ఈ వార్త ఆయనను కుంగదీస్తుందని నేను భయపడ్డాను. ఆయన రెండు రోజులు మౌనంగా ఉన్నారు. తర్వాత భార్యతో, “కైలాసం లేకపోతే మన గోదావరి ఉంది, నడుద్దామా?” అన్నారట. ఆమె ఇచ్చిన జవాబు ఇది: “మీకు అరవై ఏళ్ళకు విరమణ వచ్చింది. నా వంటింటికి ఏ రూలు వర్తిస్తుందో ముందు చెప్పండి, అప్పుడు వస్తాను.” ప్రయాణమన్ని రోజులూ ఆమె వంట చేయనవసరం లేదన్న షరతుపై ఇద్దరూ ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయలుదేరి, గట్ల వెంట, రోజుకు కొంత దూరం చొప్పున, అంతర్వేదిలో సముద్రం కనిపించేదాకా నడిచారు. సత్రాలలోనూ, బంధువుల ఇళ్ళలోనూ మకాం. ఉద్యోగమంతా వార్షిక సెలవులలో రైలు కిటికీలోంచి చూసిన ఊళ్ళను కాలికింద తొక్కి చూసుకున్నారు. నలభై ఏళ్ళ కాపురంలో తాము ఇంతసేపు మాట్లాడుకోలేదని ఆమె మా ఇంట్లో చెప్పారు.

ఆమె ప్రశ్నకు హిమాలయాలలో మరో విధమైన జవాబు వచ్చింది. 1984 మే 23న ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ 2022లో యాభై ఏళ్ళు దాటిన స్త్రీలను వెంటబెట్టుకుని, తూర్పున మయన్మారు సరిహద్దు నుంచి లడఖ్ దాకా, ముప్ఫైకి పైగా కనుమలు దాటుతూ వేల కిలోమీటర్లు నడిచారు. అప్పటికి ఆమెకు 67 ఏళ్ళు. ఆ జట్టులో గృహిణులూ, ఉద్యోగ విరమణ చేసినవారూ ఉన్నారు. పొరుగున నేపాల్‌లో గూర్ఖా సైనికుడిగా పనిచేసిన మిన్ బహదూర్ షేర్చన్ 2008లో 76వ ఏట ఎవరెస్టు ఎక్కారు. ఎక్కడ ఆగాలో కూడా ఆయన జీవితమే చెబుతుంది. 2017లో, 85వ ఏట, మరొకసారి ఎక్కే ప్రయత్నంలో బేస్ క్యాంపులోనే కన్నుమూశారు.

హద్దు ఎరిగిన సాహసం

కాబట్టి ఉత్సాహానికి వివేకం తోడుండాలి. ఎనిమిది వేల అడుగులు దాటాక గాలి పలచబడి తలనొప్పి, వాంతులు, ఆయాసం మొదలవవచ్చు. వయస్సుతో నిమిత్తం లేదు, కండబలంతోనూ నిమిత్తం లేదు. పదివేల అడుగుల పైన నిద్రించే ఎత్తును రోజుకు పదిహేను వందల అడుగులకు మించి పెంచకపోవడం, లక్షణాలు కనిపిస్తే పౌరుషానికి పోక వెంటనే కిందికి దిగడం ప్రాణసూత్రాలు. మోకాళ్ళకు ఎక్కుడుకన్నా దిగుడే చేటు, అందుకే చేతికర్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమను సిఫార్సు చేస్తున్నది. అది కైలాసంలోనే చేయనక్కరలేదు, ఇంటి వీధిలో చేసినా చాలు.

ఇంటి వీధే ఢిల్లీలో పెద్ద చిక్కు. నవంబరు మొదలుకొని జనవరి దాకా తెల్లవారుజామున ఇక్కడి గాలి పీల్చడం పొగాకు తాగడంతో సమానం. వైద్యులు నడవమంటారు, కాలుష్య హెచ్చరికలు ఇంట్లో కూర్చోమంటాయి. మంత్రులు, ఎంపీలు నివసించే విశాల వీధులలో కాలిబాటలున్నాయి గాని అక్కడ నడిచేవారు లేరు. సామాన్యులు నివసించే పేటలలో నడిచేవారున్నారు గాని కాలిబాటను కార్లు, దుకాణాలు, జనరేటర్లు ఆక్రమించాయి. పెద్దవాళ్ళు రోడ్డు మీదికి దిగి, హారన్లకు ఉలిక్కిపడుతూ నడుస్తుంటారు. నడకను ఆరోగ్యసూత్రంగా ఉపదేశించే ప్రభుత్వాలు నడిచే చోటును కాపాడలేకపోవడం రాజధానికే కాదు, హైదరాబాదుకూ విజయవాడకూ కూడా వర్తించే విమర్శ.

విరమించబోయేవారి కోసం కేంద్ర పింఛన్ల శాఖ కొన్నేళ్ళుగా సలహా శిబిరాలు నిర్వహిస్తున్నది. పింఛను పత్రాలు ఎట్లా నింపాలి, గ్రాట్యుటీ ఎప్పుడు వస్తుంది, ఏటా నవంబరులో బతికే ఉన్నామని ఎట్లా రుజువు చేయాలి అన్నవి అక్కడ విశదంగా చెబుతారు. అవసరమైన విషయాలే. వాటికి తోడు ఒక ఉదయం ఆ ఉద్యోగులను, వీలైతే వారి జీవిత భాగస్వాములతో సహా, రిడ్జి అడవిలోకి తీసుకుపోయి ఆరేడు కిలోమీటర్లు నడిపిస్తే ఖజానాకు దమ్మిడీ ఖర్చు ఉండదు. వెంట నడవడానికీ, దారి చూపడానికీ మా కోనసీమ మిత్రుని వంటివారు ఈ నగరంలో ఎందరో ఉన్నారు. గౌరవ భత్యం ఇవ్వనక్కరలేదు. తిరిగి వచ్చాక ఒక కప్పు తేనీరు ఇస్తే చాలునంటున్నారు.